పెద్దల మాట, నేల గుర్తు, కాగితం రాత: మన చరిత్రకు ముగ్గురు సాక్షులు



2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు ఎన్నో గ్రామ పంచాయతీలు అయ్యాయి. ఇప్పుడు దేవరకొండ, చందంపేట, డిండి వైపు వెళ్లినా, పాలమూరు, అచ్చంపేట వైపు వెళ్లినా పంచాయతీ ఆఫీసు గోడ మీద తండా పేరు పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. చాలా చోట్ల అది ఎవరో ఒక నాయక్ పేరు. ఆయన ఎప్పటివాడు? ఎక్కడి నుంచి వచ్చి ఆ గుట్ట కింద గుడిసె వేశాడు? ఆయన వెంట ఎన్ని కుటుంబాలు వచ్చాయి? తండాలో పది మందిని అడిగితే ఎనిమిది మంది తెలియదంటారు. మిగిలిన ఇద్దరికీ ఎనభై ఏళ్లు దాటి ఉంటాయి.

మనలో కొంతమంది పిల్లలు ఇప్పుడు ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో చరిత్ర చదువుతున్నారు. ఇంకొందరు పురావస్తు శాస్త్రం వైపు వెళుతున్నారు. ఇంట్లోవాళ్లు "చరిత్ర చదివితే ఏమొస్తది బిడ్డా?" అని అడగడం మామూలే. వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఈ వ్యాసంలో ఉందని నా నమ్మకం. యూనివర్సిటీలో నేర్పే పరిశోధన పద్ధతి డిగ్రీ కోసం బట్టీ పట్టే పాఠం అనుకోవద్దు. మన తండాకు, మన పెంటకు, మన భూమికి పనికొచ్చే సాధనం అది.

ఆ పద్ధతి సారాంశం ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. చరిత్రకు ముగ్గురు సాక్షులు ఉంటారు. మొదటి సాక్షి నేల: అంటే రాళ్లు, కుండపెంకులు, బావులు, సమాధులు. రెండో సాక్షి కాగితం: శాసనాలు, రెవెన్యూ రికార్డులు, పుస్తకాలు, పోలీసు ఫైళ్లు. మూడో సాక్షి మనిషి నోటి మాట. ముగ్గురిలో ఎవరూ పూర్తిగా నిజం చెప్పరు. ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూడటమే పరిశోధన. మన ప్రాంతంలోనే జరిగిన ఉదాహరణలతో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి సాక్షి: నేల

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉట్నూరు అనే ఊరు ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. అలాంటి దిబ్బలు కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ రాయచూరు, బళ్లారి వైపు కూడా చాలా ఉన్నాయి. అవి ఏమిటన్న దాని మీద వంద ఏళ్లకు పైగా వాదన నడిచింది. హంపి దగ్గర ఒక దిబ్బను రామాయణంలోని వాలిని దహనం చేసిన చోటు అంటారు. కొందరు పండితులు అవి బలులు ఇచ్చి కాల్చిన చోట్లు అన్నారు. ఇనుము కరిగించిన కొలుముల చిట్టెం అన్నవాళ్లూ ఉన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మాత్రం 19వ శతాబ్దంలోనే అది పశువుల పేడ కాలిన బూడిద అని చెప్పాడు.

ఎవరి మాట నిజం? అందులో ఎవరు పెద్ద పండితుడో చూసి తేల్చలేదు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరులో తవ్వకం చేశాడు. పొర తర్వాత పొర విప్పుతూ పోయాడు. గుంజలు పాతిన గుంతల వరుసలు బయటపడ్డాయి. అంటే చుట్టూ దడి ఉండేది. ఒక పొర మీద పశువుల గిట్టల ముద్రలు అలాగే నిలిచి ఉన్నాయి. బూడిదను ప్రయోగశాలలో పరీక్షించిన జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త కూడా అది పేడ బూడిదేనని తేల్చాడు. కార్బన్ పరీక్షలో ఆ దిబ్బ వయసు నాలుగు వేల ఏళ్లకు పైనే అని వచ్చింది. ఆల్చిన్ అక్కడితో ఆగలేదు. ఈ కాలపు పశువుల కాపరులు అడవిలో మంద ఎలా కడతారు, ఏ పండగలకు మంటలు వేసి పశువులను దాటిస్తారు అని కూడా చూశాడు. 1963లో అచ్చయిన ఆయన పుస్తకం పేరుకు తెలుగులో అర్థం చెప్పుకుంటే దక్షిణ భారత నవీన శిలాయుగపు పశుపోషకులు అని వస్తుంది.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది రెండు విషయాలు. మొదటిది, మందను ఎక్కడ కట్టాలి, దడి ఎలా వేయాలి, పేడ ఎలా పేరుకుంటుంది అన్న పశుల కాపరి తెలివి ఒక పెద్ద చరిత్ర ప్రశ్నకు జవాబు చెప్పడానికి పనికొచ్చింది. ఈ తెలివి మన ఇళ్లలో ఉంది. మంద వెంట పెరిగిన పిల్లవాడు తవ్వకంలో నిలబడితే, పట్నంలో పుట్టిన విద్యార్థికి కనపడనిది అతనికి కనపడుతుంది. రెండోది అంతే ముఖ్యం. నాలుగు వేల ఏళ్ల నాడు ఉట్నూరులో పశువులు మేపినవాళ్లు మన ముత్తాతలే అని అనడానికి మాత్రం ఆ తవ్వకం ఏ ఆధారమూ ఇవ్వదు. పని ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటి కాదు. ఇక్కడ ఆగడం నేర్చుకుంటేనే పరిశోధకుడు అవుతాడు.

ఇంకొక ఉదాహరణ ముడుమాల. ఇది నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, నది ఒడ్డుకు దగ్గరలో ఉన్న ఊరు. అక్కడ పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఊళ్లోవాళ్లు వాటిని నిలువురాళ్లు అంటారు. చిన్న రాళ్ల వరుసలు వందలకొద్దీ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చరిత్ర విభాగానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఎన్నో ఏళ్లు అక్కడ పనిచేశారు. ఏడాదిలో ప్రత్యేకమైన రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలతో కొన్ని రాళ్ల వరుసలు కలుస్తున్నాయని గమనించారు. ఒక రాయి మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని గుర్తించారు. 2025 మార్చిలో ముడుమాల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

నల్లగొండ, పాలమూరు గుట్టల కింద గుండ్రంగా పేర్చిన బండరాళ్లు మీలో చాలా మంది చూసే ఉంటారు. రాకాసి గుళ్లు అని పిలుస్తారు. అవి ఇనుప యుగపు సమాధులు. దున్నేటప్పుడు ఒక వైపు నల్లగా, ఒక వైపు ఎర్రగా ఉన్న కుండపెంకులు పైకి వస్తాయి. చాలా చోట్ల ఈ రాళ్లను పొలం చదును కోసం తీసేస్తున్నారు. నిధి ఉందని రాత్రిపూట తవ్వేవాళ్లు ఇంకొందరు. ఆ తవ్వకంలో బంగారం సంగతి ఎలా ఉన్నా, చరిత్ర మాత్రం పూర్తిగా పోతుంది. ఎందుకంటే ఒక కుండ ఏ పొరలో, ఏ ఎముక పక్కన, ఏ దిక్కుగా ఉందో తెలిస్తేనే అది మాట్లాడుతుంది. పీకి బయట పెట్టిన కుండ మూగది. అందుకే మన పిల్లలు చేయవలసింది తవ్వడం కాదు, గుర్తించి రాయడం. ఫోటో తీయాలి, పక్కన స్కేలు గానీ చేతికర్ర గానీ పెట్టి కొలత తెలిసేలా చేయాలి. ఫోనులో స్థల సూచిక తీసుకోవాలి. స్థానికులు దాన్ని ఏమని పిలుస్తారో రాయాలి. పాత నాణేలో, విగ్రహమో దొరికితే తహసీల్దారుకు తెలియజేయాలి. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎవరూ తవ్వకూడదు.

రెండో సాక్షి: కాగితం

కాగితం రాతను చూడగానే నమ్మే అలవాటు మనకుంది. యూనివర్సిటీలో మొదట నేర్పే ప్రశ్నలు దాన్ని పోగొడతాయి. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరి కోసం రాశారు? ఏది చూసి రాశారు, ఏది విని రాశారు?

అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల మీద మొదటి పెద్ద పుస్తకం 1943లో వచ్చింది. రాసినవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. 1940లో భార్య బెట్టీతో కలిసి నల్లమలలోని పెంటల్లో తిరిగి సమాచారం సేకరించాడు. తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడిగా పనిచేశాడు. ఆ పుస్తకంలో పెంటల జీవితం, దుంపల సేకరణ, పెళ్లిళ్లు, దేవతలు, అటవీ అధికారులతో ఇబ్బందులు వివరంగా ఉన్నాయి. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అంటే నల్లమల తాతల, అవ్వల ముఖాలు వాళ్ల మనుమలు చూడక ముందే లండన్ గ్రంథాలయానికి చేరాయి.

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలి? మెచ్చుకుంటూ మాత్రమే చదివితే తప్పు. కోపంతో పక్కన పెట్టినా నష్టమే. ఆయన పుస్తకానికి పెట్టిన పేరులోనే చెంచులను దక్కను అడవి జనం అన్నాడు. బయటి ప్రపంచంతో కలవని పాతకాలపు మనుషులను వెతకడం ఆ కాలపు మానవ శాస్త్రవేత్తలకు అలవాటు. కానీ చెంచులు తేనె, గింజలు, వెదురు అమ్ముకుంటూ సంతలతో, శ్రీశైలం యాత్రికులతో ఎప్పటి నుంచో సంబంధం ఉన్నవాళ్లు. ఆ దృష్టిలోపాన్ని గుర్తించాలి. అదే సమయంలో 1940లో ఏ పెంట ఎక్కడ ఉంది, ఏ గుట్ట ఎవరి హద్దు అన్న వివరాలను వజ్రాల్లా ఏరుకోవాలి. ఈ రోజు ఒక చెంచు విద్యార్థి ఆ పుస్తకం చేతిలో పట్టుకుని అవే పెంటలకు వెళ్లి, ఏది నిలిచింది, ఏది మారింది అని రాస్తే, అది ప్రపంచంలో ఏ యూనివర్సిటీ అయినా గౌరవించే పరిశోధన అవుతుంది. హైమెండార్ఫ్‌కు రాని లోపలి భాష, బంధుత్వం అతనికి ఉంటాయి.

లంబాడీల విషయానికి వస్తే కాగితం ఇంకా జాగ్రత్తగా చదవాలి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం మీదుగా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, ఉప్పు మోసుకెళ్లే జనాన్ని చూసి రాశాడు. ఆ రాతలో మన పూర్వీకులు దేశానికి తిండి చేరవేసే వర్తకులు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1871 నేరస్థ జాతుల చట్టం కాలం వచ్చేసరికి, బ్రిటిష్ అధికారుల రాతల్లో తిరిగే జనం అంతా అనుమానితులు అయిపోయారు. నడుమ ఏం జరిగింది? రోడ్లు, రైళ్లు వచ్చాయి. ఎద్దుల మీద సరుకు మోయడం దెబ్బతిన్నది. బతుకుదెరువు పోయినవాళ్ల మీద నేర ముద్ర పడింది. మనుషులు అవే కుటుంబాలు, రాసే కలం మారింది. ఇది అర్థమైతే పాత పోలీసు రికార్డు కూడా పనికొస్తుంది. ఆ ముద్రను తిరస్కరిస్తూనే, అందులో ఉన్న దారులు, ఊళ్ల పేర్లు, నాయకుల పేర్లు తీసుకోవచ్చు.

ఇక రెవెన్యూ రికార్డులు. నిజాం కాలపు సేత్వార్, వసూల్ బాకీ, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ అన్న మాటలు భూమి గొడవ ఉన్న ప్రతి ఇంట్లో వినే ఉంటారు. పాత రికార్డులు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌కు దగ్గరలోనే, రాష్ట్ర పురాభిలేఖాగారం ఉంది. అక్కడ మొగలుల కాలం నుంచి పత్రాలు ఉన్నాయి. పాతవి పారసీలో, తర్వాతివి ఉర్దూలో. మన పిల్లల్లో ఉర్దూ లిపి చదవగలిగేవాళ్లు ఎంతమంది? చరిత్ర పరిశోధన చేయదలచుకున్న విద్యార్థి ఆరు నెలలు కూర్చుని ఉర్దూ చదవడం నేర్చుకుంటే, తాత పేరున్న కాగితాన్ని మరొకరిని బతిమాలకుండా తానే చదువుకోగలడు. కంప్యూటర్ కోర్సు ఎంత అవసరమో మన ప్రాంతంలో ఇదీ అంతే అవసరం.

మూడో సాక్షి: నోటి మాట

మన సమాజాల్లో చరిత్ర ఎక్కువగా నోట్లో ఉంది. భాట్‌లు, ఢాడీలు వంశాలు పాడేవారు. పెళ్లి పాటల్లో, తీజ్ పాటల్లో, చావు ఏడుపుల్లో పేర్లు, ఊళ్లు, దారులు ఉన్నాయి. గోర్ బోలీకి సొంత లిపి లేకపోవడం వల్ల ఇవి పుస్తకంలోకి ఎక్కలేదు. ఒకప్పుడు చరిత్ర శాఖలు ఇలాంటి వాటిని కట్టుకథలని పక్కన పెట్టేవి. ఇప్పుడు మౌఖిక చరిత్ర ఒక గుర్తింపు పొందిన పద్ధతి. మన నేల మీదే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీ శక్తి సంఘటన సభ్యులు కలిసి, వాళ్ల మాటలు వాళ్ల భాషలోనే రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చారు. నాయకులు రాసిన పుస్తకాల్లో లేని సంగతులు, ఆకలి, బిడ్డలను వదిలిన బాధ, పోరాటం ముగిశాక మళ్లీ వంటింటికే పంపిన వైనం, అందులో బయటికొచ్చాయి. ప్రశ్న మారితే చరిత్ర మారుతుందని ఆ పుస్తకం చూపింది.

అదే పోరాటంలో అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా ధర్మాపురం లంబాడీ రైతులు భూమి కోసం భూస్వామిని ఎదిరించారు. ఠాను నాయక్ పేరు మన సభల్లో ప్రతి ఏటా వింటాం. ఈ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెచ్చిన పుస్తకంలో ఉంది. అది ఉద్యమ నాయకుడి కోణం. ప్రభుత్వ రికార్డులు రాజ్యం కోణంలో ఉంటాయి. మూడోది తండాలో మిగిలిన జ్ఞాపకం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి అని రాసే పని మన పిల్లలదే. ఆ రోజు చద్ది మోసినవాళ్లు, కబురు మోసినవాళ్లు, జైలు గేటు ముందు కూర్చున్న ఆడవాళ్లు ఎవరో ఆ తండాలోనే అడిగి తెలుసుకోవాలి.

అయితే నోటి మాటకు తేదీలు ఉండవు కదా అని అడుగుతారు. ఉంటాయి, పట్టుకోవడం తెలియాలి. "ఏ సంవత్సరంలో వచ్చారు?" అని అవ్వను అడిగితే చెప్పలేదు. "రజాకార్ల గడబిడకు ముందా, తర్వాతా?" అంటే చెబుతుంది. అంటే 1948 సెప్టెంబర్ పోలీసు యాక్షన్‌కు అటా, ఇటా అని తేలింది. "సాగర్ కట్ట పని మొదలైనప్పుడు నీకు పెళ్లి అయిందా?" నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. "రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పెద్దోడికి ఎన్నేళ్లు?" అది 1983. ఇలా తెలిసిన సంఘటనలకు తెలియని జీవితాన్ని కట్టుకుంటూ పోతే రెండు మూడేళ్ల తేడాతో కాలం దొరుకుతుంది. అదే ప్రశ్న ఇంకొక ఇంట్లో, ఇంకొక తెగలో, పక్క ఊరి రైతు ఇంట్లో కూడా అడగాలి. ముగ్గురు వేర్వేరుగా ఒకే మాట చెబితే దానికి బలం వస్తుంది.

నోటి మాటను ఎలా పరీక్షించాలో ఒక ఉదాహరణ చూద్దాం. మొగలు సైన్యానికి ధాన్యం మోసిన భంగీ, ఝంగీ నాయక్‌లకు రాగి రేకు మీద బంగారు అక్షరాలతో హక్కులు రాసిచ్చారని మన పెద్దలు గర్వంగా చెబుతారు. ఎక్కడ దిగితే అక్కడ నీళ్లు, పశువులకు గడ్డి, ఇంకా ఎన్నో మినహాయింపులు అందులో ఉన్నాయంటారు. 1882లో కంబర్‌లెజ్ అనే బ్రిటిష్ పోలీసు అధికారి దీన్ని రాసి పెట్టాడు. 1916లో ఆర్.వి. రస్సెల్ తన గ్రంథంలో మళ్లీ చెప్పాడు. ఆ రాతల ప్రకారం హక్కులిచ్చినవాడు షాజహాన్ వజీరు అసఫ్ ఖాన్. ఆయన 1641లో చనిపోయాడు. కానీ కొందరు ఆ అసఫ్‌ను నిజాం వంశ స్థాపకుడు అసఫ్ జాగా చెబుతారు. ఆయన దక్కనులో రాజ్యం నిలబెట్టింది 1724లో. ఇద్దరి మధ్య దాదాపు వంద ఏళ్లు ఉన్నాయి. పేరు ఒకేలా ఉండటంతో కథ ఒకరి నుంచి ఇంకొకరికి జారింది.

మరి కథ అబద్ధమా? పరిశోధకుడు అలా తోసెయ్యడు. కంబర్‌లెజ్ ఎవరి దగ్గర విన్నాడు, రేకును కళ్లతో చూసింది ఎవరు అని అడుగుతాడు. బిడార్లు సైన్యాలకు, పట్నాలకు ధాన్యం మోశాయన్న ముఖ్యమైన మాటకు టావెర్నియర్ లాంటి బయటివాళ్ల సాక్ష్యం ఉంది కాబట్టి దాన్ని గట్టిగా చెబుతాడు. రేకు సంగతిని సంప్రదాయంగా చెబుతాడు. ఇంకొకటి కూడా గమనిస్తాడు. ఆ కథలో మన పెద్దలు గుర్తుపెట్టుకున్నది బంగారాన్ని, కోటను కాదు. నీళ్లు, గడ్డి. వేల ఎద్దులతో నడిచే జనానికి అవే ప్రాణం. తేదీ తప్పినా, ఆ జ్ఞాపకంలో ఒక బతుకు నిజం ఉంది.

నీళ్ల కింద పోయినది

కృష్ణా నది మీద రెండు పెద్ద ప్రాజెక్టులు కట్టినప్పుడు పురావస్తు శాస్త్రం మన ప్రాంతంలో చాలా పని చేసింది. సాగర్ నీళ్లు రాక ముందు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శ్రీశైలం ప్రాజెక్టు సమయంలో కూడలి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇవన్నీ గొప్ప పనులు. ఈ రోజు మనం ఆ శిల్పాలను చూడగలుగుతున్నామంటే వాళ్ల శ్రమే కారణం.

కానీ ఆ నీళ్లు రాళ్ల మీదికే రాలేదు. ఒడ్డున ఉన్న పల్లెలు, తండాలు, గూడేలు కూడా లేచిపోయాయి. గుడి రాళ్లకు నంబర్లు వేసి తరలించారు. లేచిపోయిన తండాలో ఎవరి ఇల్లు ఎక్కడుండేది, ఏ చెట్టు కింద పంచాయితీ కూర్చునేది, ఎవరి సమాధి ఎటువైపు ఉండేది అన్నదానికి అంత వివరమైన పటం లేదు. అప్పుడు యువకులుగా ఉండి నడిచి వెళ్లినవాళ్లు కొందరు ఇంకా బతికి ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి, నేల మీద సుద్దతో గీయించుకుంటే పాత తండా పటం ఇప్పటికీ తయారవుతుంది. ఇంకో పదేళ్లు ఆగితే తయారు కాదు. తవ్వకం కంటే తొందరగా చేయవలసిన పని ఇది.

చట్టం కూడా అడిగేది ఇదే

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చట అనుకునేవారి కోసం ఒక సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు ఆ భూమి మీద హక్కు వస్తుంది. దాన్ని ఎలా రుజువు చేయాలో ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చెబుతుంది. అందులో ఏమేం ఆధారాలు ఉన్నాయో చూడండి. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే రికార్డులు, పాత సంస్థానాల పత్రాలు ఉన్నాయి. ఇవి కాగితం. పాత ఇళ్లు, కట్టలు, బావులు, సమాధి స్థలాలు, దేవతల చోట్లు ఉన్నాయి. ఇవి నేల. పాత భూమి రికార్డుల్లో ఉన్నవాళ్లతో కలిపే వంశ వృక్షం, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాతలో పెట్టిన వాంగ్మూలం ఉన్నాయి. ఇవి నోటి మాట. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు కూడా ఆధారమే. ఒకటి కంటే ఎక్కువ రకాల ఆధారాలను చూసి నిర్ణయించాలని కూడా ఆ నియమంలోనే ఉంది.

మనం పైన చెప్పుకున్న ముగ్గురు సాక్షులు ఇక్కడ చట్టం భాషలో నిలబడి ఉన్నారు. ఒకరితో సరిపెట్టుకోవద్దన్న మాట కూడా యూనివర్సిటీ పాఠమే. అమ్రాబాద్ పెంటలో ఒక చెంచు తాత "మా నాయన సమాధి ఆ బండ కింద ఉంది" అంటే, దాన్ని రాసి, బండను ఫోటో తీసి, పాత పటంలో పెంట పేరు వెతికి, మూడింటినీ జత చేసి గ్రామసభ ముందు పెట్టగలిగే పిల్లవాడు ఆ పెంటకు ఎంత బలమో ఆలోచించండి. అలా కాకుండా ఆధారం లేని గొప్పలు కలిపి రాస్తే, ఒక్క మాట తప్పని తేలిన రోజు మిగిలిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. మన చరిత్రను ఇతరులు తక్కువ చేసి రాశారని బాధపడతాం. దాన్ని మనమే పెంచి రాసినా నష్టపోయేది మనమే.

ఎలా మొదలుపెట్టాలి?

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. డిగ్రీ చదివే ఎవరైనా చేయగల పని ఇది.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మొదటి పేజీలో తండా లేదా పెంట పేరు, మండలం, మీ పేరు, తేదీ రాయండి. తండాలో అందరికంటే పెద్దవాళ్లు ఐదుగురి పేర్లు రాయండి. అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. మగవాళ్లు ఊరి గొడవలు, భూమి సంగతులు చెబుతారు. ఆడవాళ్లు ఎవరి ఇంటి పిల్ల ఎక్కడికి పోయింది, ఏ ఏడు ఏం తిని బతికారు అన్నవి చెబుతారు. రెండూ కావాలి.

రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరు వింటారో చెప్పండి. అవ్వ "ఇది బయట చెప్పొద్దు బిడ్డా" అంటే, అక్కడ ఫోను ఆపేయండి. కొన్ని పూజలు, కొన్ని మందు మొక్కల సంగతులు బయటికి పోకూడదని పెద్దలు అనుకుంటే ఆ మాట నిలబెట్టాలి. మన దగ్గరికి వచ్చి రాసుకుపోయినవాళ్లు చాలామంది తిరిగి ఏమీ ఇవ్వలేదు. మీరు ఆ పని చేయకండి. రికార్డు కాపీ ఆ ఇంట్లో, రాత ప్రతి తండా పంచాయతీలో ఉండాలి.

వాళ్లు చెప్పిన మాటను వాళ్ల భాషలోనే రాయండి. గోర్ బోలీ అయితే తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాసి, కింద అర్థం రాయండి. పుస్తక భాషలోకి దిద్దకండి. మీ అభిప్రాయాన్ని ఎడమ పేజీలో, వాళ్ల మాటను కుడి పేజీలో రాస్తే రెండూ కలిసిపోవు. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది ప్రతి పేజీ మీద ఉండాలి. తెలియనిది తెలియదనే రాయండి.

ఆ తర్వాత ఊరి చుట్టూ నడవండి. పాత బావి, సేవాలాల్ గుడి, మేరామ యాడి గుడి, పెద్ద చెట్టు, సమాధులు, రాకాసి గుళ్లు, శాసనం ఉన్న రాయి, ఏది కనిపించినా ఫోటో, కొలత, స్థల సూచిక తీసుకోండి. చివరికి కాగితాల దగ్గరికి వెళ్లండి. తహసీల్ ఆఫీసు, తార్నాక పురాభిలేఖాగారం, మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ, జిల్లా శాసన సంపుటాలు. ఎం.ఏ.లో చేరే నాటికి ఇలాంటి ఒక్క నోటుపుస్తకం చేతిలో ఉన్న విద్యార్థికి పరిశోధన అంశం కోసం వెతుక్కోవలసిన అవసరం రాదు.

పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి రాజుల కథలు పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆట, పాట మీద 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగుకు వచ్చిన మొదటి అకాడమీ పురస్కారం అదే. మామూలు జనం బతుకు కూడా చరిత్రేనని మన జిల్లా మనిషే చూపించాడు. ఆ వరసలో మన తండాల, పెంటల, గూడేల పుస్తకం ఇంకా రావలసి ఉంది. దాన్ని రాయగల భాష, బంధుత్వం మీకు ఉన్నాయి. పద్ధతి యూనివర్సిటీ నేర్పుతుంది. చెప్పే పెద్దలు మాత్రం ఎక్కువ కాలం ఉండరు. కాబట్టి ముందు వాళ్ల దగ్గర కూర్చోండి.